పోకెమాన్‌లో వాల్ కట్టేటప్పుడు ఈవీలు ఎక్కడ పెట్టాలి

పోటీ బ్యాటిల్స్ ఆడేవాళ్లు చాలామంది వాల్, అంటే దెబ్బలు తట్టుకుని నిలబడే డిఫెన్సివ్ పోకెమాన్ అనగానే కళ్లు మూసుకుని హెచ్‌పీలో (ప్రాణశక్తిలో) 252 ఈవీలు (స్టాట్స్ పెంచడానికి మనం పంచుకునే పాయింట్లు) పోసేస్తారు, కానీ ముందు దాని బేస్ స్టాట్స్ (ఆ జాతి పోకెమాన్ అన్నిటికీ ఒకేలా ఉండే మూల అంకెలు) చూడండి. బ్లిస్సీనే తీసుకోండి. బేస్ హెచ్‌పీ 255, డిఫెన్స్ మాత్రం 10. లెవెల్ 100లో, ఐవీలు (ఒక్కో పోకెమాన్‌కి పుట్టుకతో వచ్చే అదనపు పాయింట్లు) నిండుగా ఉంటే, హెచ్‌పీకి 252 ఈవీలు పెట్టినా 651 నుంచి 714కి వెళ్తుంది, అంటే పది శాతం కూడా పెరగదు. అవే ఈవీలు డిఫెన్స్‌లో పెడితే 56 కాస్తా 119 అవుతుంది, పైన డిఫెన్స్ పెంచే బోల్డ్ నేచర్ (స్వభావం) ఇస్తే 130. ఫిజికల్ దెబ్బ తట్టుకునే శక్తి రెట్టింపు దాటిపోయింది!

టాక్సాపెక్స్‌ది దీనికి పూర్తిగా రివర్స్. డిఫెన్స్‌లు రెండూ ఎలాగూ గట్టివే, బేస్ హెచ్‌పీ 50 మాత్రమే కాబట్టి ముందు హెచ్‌పీ నింపాలి, అప్పుడు ఫిజికల్, స్పెషల్ రెండు వైపులా ఒకేసారి బలం వస్తుంది.

ఇంకోటి, రికవరీ లేని వాల్‌ని నేనైతే టీమ్‌లో పెట్టుకోను. లెఫ్టోవర్స్ అనే ఐటమ్ ప్రతి టర్న్‌కీ ఇచ్చేది హెచ్‌పీలో పదహారో వంతే, అది ఒక్కటే సరిపోదు. రికవర్, సాఫ్ట్ బాయిల్డ్ లాంటి హెచ్‌పీ నింపే మూవ్ ఉండాలి, లేదంటే బయటికి వెళ్లిన ప్రతిసారీ మూడో వంతు హెచ్‌పీ తిరిగి ఇచ్చే రీజెనరేటర్ అనే అబిలిటీ అయినా ఉండాలి. అవతలి వాళ్ల దగ్గర టాంట్ (దాడి కాని మూవ్‌లను అడ్డుకునే మూవ్) ఉంటే మూవ్‌తో నయం చేసుకోవడం ఆగిపోతుంది, రీజెనరేటర్ ఆగదు.