లీకు చూపించనిదే గ్యాసు వద్దు: ఎండలు ముదరకముందే ఏసీ ఉన్న ఇళ్లకు

ఈమధ్య మా వీధిలో ఒక మేడ మీద ఏసీ బాగుచేస్తుండగా కంప్రెసర్ (బయటి యూనిట్‌లో గ్యాసును నొక్కి తిప్పే భాగం) పేలింది. పని చేస్తున్న కుర్రాడి చేతులు కాలాయి, ప్రాణం దక్కింది. "గ్యాసు ఎక్కువ కొట్టేశాడట" అని వీధంతా ఒకటే మాట. జరిగింది అది కాదు. గొట్టంలో లీకుంది. దాని సంగతి చూడకుండానే యూనిట్ విప్పడానికి గ్యాసు లాక్ చేయబోయారు, అంటే ఏసీని నడుపుతూ గ్యాసునంతా బయటి యూనిట్‌లోకి లాగబోయారు. లీకులోంచి గాలి కూడా లోపలికి దూరింది. కంప్రెసర్‌లో ఉండే నూనెకి గాలి తోడై, ఆ ఒత్తిడికీ వేడికీ అంటుకుంది.

ఫిల్టరు కడుక్కోండి, 24 దగ్గర పెట్టుకోండి లాంటివి నేను చెప్పను, అవి అందరికీ తెలుసు. ఇంటి డబ్బూ, ఒక్కోసారి మనిషీ ఎక్కువగా పోయేది ఒక్కచోటే: లీకు కనిపెట్టకుండా గ్యాసు ఎక్కించడం, లాక్ చేయడం.

ఒడిశాలో మన బరంపురం వాళ్లకు ఇది మరీ ముఖ్యం. గోపాలపురం సముద్రం పదిహేను కిలోమీటర్లు. ఛత్రపురం, గోపాలపురం వైపు ఇళ్లున్నవాళ్లయితే ఉప్పుగాలిలోనే ఉన్నారు. బయటి యూనిట్ వెనక అల్యూమినియం రెక్కలు తెల్లగా పొడిపొడిగా రాలుతున్నాయంటే ఉప్పు పని మొదలుపెట్టినట్టే. కొన్నాళ్లకు గొట్టాల వంపుల దగ్గరా, అతుకుల దగ్గరా సూదిమొనంత చిల్లులు పడతాయి. రాయగడ, కొరాపుట్ వైపు చుట్టాలకు ఈ బాధ తక్కువ, వాళ్లది దుమ్ముతో తంటా. అందుకని వాళ్ల ఏసీ పదేళ్లు నడిచిందని మనదీ నడుస్తుందనుకోకండి.

గ్యాసు ఎందుకు తగ్గుతుంది

ఏసీలో గ్యాసు వంటగ్యాసులా ఖర్చయిపోయేది కాదు. మూసి ఉన్న గొట్టాల్లో అదే గ్యాసు తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే కారింది, అంతే. ఏటా గ్యాసు కొట్టించాలనే నియమం ఏ కంపెనీ పెట్టలేదు.

మెకానిక్ వస్తాడు, గ్యాసు ఒత్తిడి చూసే మీటరు పెడతాడు, "గ్యాస్ కమి జాయిఛి" (గ్యాసు తగ్గిపోయింది) అంటాడు. మనం ఉక్కకు తాళలేక "సరే బాబూ, ఎక్కించేయ్" అంటాం. రెండున్నర వేల నుంచి మూడున్నర వేలు పోతాయి. ఆ రాత్రి గది చల్లబడుతుంది, అతను దేవుడిలా కనిపిస్తాడు. లీకు అలాగే ఉంది. మళ్లీ వేసవికి, ఒక్కోసారి నెల తిరక్కుండానే, మళ్లీ అదే మాట. ఇలా రెండు మూడు వేసవులు గడిచాక కంప్రెసర్ పోవచ్చు. తిరిగొచ్చే చల్లటి గ్యాసే కంప్రెసర్ మోటారును చల్లబరుస్తుంది, గ్యాసు తక్కువైతే అది మాడిపోవచ్చు. కొత్తది వేయించాలంటే దాదాపు పది నుంచి పదిహేను వేలు. మొదటిరోజే లీకు వెతికించి ఉంటే, అది నట్టు దగ్గర అయ్యుంటే, కొన్ని వందలు మజూరీ, ఒక్కసారి గ్యాసు డబ్బులు.

అందుకే: లీకు చూపించనిదే గ్యాసు వద్దు.

లీకు వెతకడమంటే గొట్టం మీద చెయ్యి పెట్టి చూడడం కాదు. గొట్టాల్లో నైట్రోజన్ నింపి, మీటరు ముల్లు ఎక్కడ ఆగిందో మీరూ చూసి, కనీసం అరగంట వదిలేయాలి. ముల్లు దిగితే లీకున్నట్టే. అప్పుడు సబ్బునురగ పూస్తూ పోతే బుడగలు లేస్తాయి. ముందు చూడాల్సినవి లోపలా బయటా నట్లు, వాల్వులు, బయటి కాయిల్ (రెక్కల్లోంచి వెళ్లే గొట్టాలు) అడుగు వరసలు. నూనె మరక ఎక్కడుందో చిల్లు తరచుగా అక్కడే. నైట్రోజన్ సిలిండర్ లేకుండా వచ్చినవాడికి టీ ఇచ్చి, సిలిండర్‌తో రేపు రమ్మనండి.

లీకు మూశాక గొట్టాల్లోని గాలినీ తేమనూ లాగేసే వాక్యూమ్ పంపు పెట్టాలి, ఇరవై నిమిషాలైనా. మన ఊరి గాలిలో తేమ మీకు తెలియనిది కాదు. అది గొట్టాల్లో మిగిలితే నూనెతో కలిసి ఆమ్లమై లోపల నుంచి తినేస్తుంది. తర్వాత గ్యాసును తూకం వేసి ఎక్కించాలి. ఎన్ని గ్రాములో బయటి యూనిట్ మీద అంటించిన కాగితంలోనే ఉంటుంది. ఒకటిన్నర టన్ను ఏసీల్లో చాలావాటికి కిలో అటూఇటూ. ఇన్వర్టర్ ఏసీలో కంప్రెసర్ వేగం మారుతూ ఉంటుంది కనుక ఒత్తిడి ఒక్కటే చూసి "సరిపోయింది" అనడానికి లేదు. తూకం కావాలి.

గ్యాసు అనకముందు

చల్లదనం తగ్గిన ప్రతిసారీ తప్పు గ్యాసుదే కాదు. బయటి కాయిల్ మట్టితో మూసుకుపోయినా, ఫ్యాను నెమ్మదించినా, పాత రకం ఏసీలో కెపాసిటర్ (మోటారు తిరగడానికి సాయపడే చిన్న భాగం) బలహీనపడినా అదే లక్షణం. కెపాసిటర్ కొన్ని వందల పని. సన్నగొట్టం మీద మంచు కట్టిందంటే గ్యాసు తక్కువై ఉండొచ్చు. లోపలి కాయిల్ మీదైతే మురికి వల్ల కూడా కడుతుంది. ముందు నీళ్లతో సర్వీసు (500 నుంచి 800), అప్పటికీ చల్లబడకపోతేనే మీటరు.

సర్వీసుకు యాసిడ్ తెచ్చేవాళ్లున్నారు. రెక్కలు మెరుస్తాయి, మనకు ముచ్చటేస్తుంది. ఉప్పుగాలి ఏళ్లు పట్టి చేసేది యాసిడ్ ఒక్క పూటలో చేస్తుంది. ఒప్పుకోకండి.

డబ్బు సంగతి

ఏసీలోని ఎలక్ట్రానిక్ బోర్డు పోయిందంటే గుండె దడ, నిజమే. ఇన్వర్టర్ ఏసీకి కొత్త బోర్డు ఐదు నుంచి పది వేలు, బాగుచేయిస్తే తరచూ అందులో సగం లోపే. ముందు బాగుచేసేవాడికి చూపించండి. (బోర్డులో బల్లి దూరి చావడం మనవైపు కొత్త కాదు. శుభ్రం చేస్తే నడిచినవీ ఉన్నాయి.)

"పదేళ్ల వారంటీ" అన్నది చాలావాటిలో కంప్రెసర్‌కే. గ్యాసు, మజూరీ, రానుపోను ఖర్చులు మీవే కావచ్చు, కార్డు చదవండి. వారంటీ ఉండగా బయటివాడు విప్పాడా, కంపెనీ చేతులు దులుపుకుంటుంది. ఏడాది కాంట్రాక్టు తీసుకుంటే విడిభాగాలు అందులో ఉన్నాయా, ఉత్త మజూరీయేనా అని అడిగి రాయించుకోండి.

ఎనిమిదేళ్లు దాటిన ఏసీకి బయటి కాయిల్ పోతే నా సలహా ఒక్కటే, వదిలేయండి. కాయిల్, గ్యాసు, మజూరీ కలిపితే కొత్తదానిలో సగం దాకా వస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఏసీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది కూడా.

ఇక వరసపెట్టి చెప్పేస్తున్నా.

ఫాల్గుణంలోనే సర్వీసు చేయించండి. ఉగాది దాటితే, అందులోనూ మన ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర ఏడాదైతే, మెకానిక్ దొరకడు, దొరికినవాడు తొందరలో ఉంటాడు.

నెట్‌లో వెతికిన కస్టమర్ కేర్ నంబరుకు ఫోన్ చేయకండి. నంబరు వారంటీ కార్డు మీద చూడండి. ఫోన్లో ఏదో యాప్ వేసుకోమన్నా, ముందు పది రూపాయలు పంపమన్నా ఫోన్ పెట్టేయండి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930.

లీకు పరీక్షకు నైట్రోజనే. ఆక్సిజన్ సిలిండర్ తెస్తే మేడ ఎక్కనివ్వకండి. నూనెతో కలిస్తే పేలుతుంది.

ఇప్పుడొచ్చే ఏసీల్లో ఎక్కువ ఆర్32. అది అంటుకునే గ్యాసు. గొట్టాల్లో గ్యాసుండగా వెల్డింగ్ వద్దు. మూసిన గదిలో గ్యాసు వదలొద్దు. దగ్గర బీడీ కూడా వద్దు.

ఆర్32 ఏసీలో ఆర్22 (పాత ఏసీల గ్యాసు) గానీ ఇంకోటి గానీ కలపనివ్వకండి. సిలిండర్ మీద పేరు మీ కళ్లతో చదవండి.

లీకున్న ఏసీలో గ్యాసు లాక్ చేయనివ్వకండి. పైన చెప్పిన పేలుడు అదే.

పని మొదలవకముందు ఎంసీబీ (ఏసీకి కరెంటు వచ్చే మెయిన్ స్విచ్) దించండి. రిమోట్‌తో ఆపితే ఆపినట్టు కాదు.

పని జరుగుతుండగా పిల్లల్ని మేడ మీదికి పంపకండి.

తుపాను హెచ్చరిక వస్తే స్టాండు బోల్టులు చూడండి. ఉప్పుకి ముందు తుప్పుపట్టేవి అవే.

కరెంటు పోయి వచ్చాక ఏసీ వేయడానికి మూడు నిమిషాలు ఆగండి. వోల్టేజి ఊగే వీధుల్లో స్టెబిలైజర్ పెట్టుకోండి, కంపెనీ అక్కర్లేదన్నా సరే.

తీసేసిన పాత సామాను మీరే ఉంచుకోండి.

"ఈసారికి గ్యాసు వేసేద్దాం, లీకు తర్వాత చూద్దాం" అంటే వద్దనండి. "చిన్న లీకే, ఏడాది నడుస్తుంది" అన్నా వద్దనండి. లీకు చూపించనిదే గ్యాసు వద్దు.

బిల్లు మీద లీకు ఎక్కడ మూశాడో, ఏ గ్యాసో, ఎన్ని గ్రాములో రాయించుకోండి. మూడు నెలల్లో మళ్లీ కారితే ఉచితంగా చూస్తానని సంతకం పెట్టించండి. పెట్టనంటే డబ్బు ఇవ్వకముందే మాట్లాడుకోండి, ఇచ్చేశాక గొడవైతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.