ఫైబర్‌గ్లాస్ బాడీతో పాతకాలపు స్పోర్ట్స్ కారు: చెన్నై షెడ్డులో నమూనా నిర్మాణం

పోర్షే సంస్థ 1953లో వెలువరించిన 550 స్పైడర్ కారుకు ఉక్కు గొట్టాల చాసిస్, దానిపై అల్యూమినియం బాడీ ఉండేవి. ముందు, వెనుక చక్రాల మధ్య దూరం 2100 మి.మీ. మారుతి 800లో ఆ దూరం 2175 మి.మీ. కాబట్టి పాత మారుతి 800 ఇంజిను, గేర్‌బాక్సు, హబ్బులు, బ్రేకులు తీసుకొని, ఆ పోర్షే ఆకారాన్ని ఫైబర్‌గ్లాస్‌తో చక్కగా నిలబెట్టవచ్చు. చెన్నైలో పుదుపేట పాత సామాన్ల దుకాణాల్లో వీటిని వెతికి తెచ్చుకోవచ్చు.

పనికి దిగేముందు చట్టం సంగతి తేల్చుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మూల స్వరూపానికి భిన్నంగా మార్చిన బండికి రిజిస్ట్రేషన్ చెల్లదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. పాత కారు ఆర్‌సీ చూపి కొత్త బాడీని రోడ్డు ఎక్కించాలనుకోవడం తప్పు. ఒరగడంలోని పరీక్షా కేంద్రం వంటి చోట అనుమతి పొందడం పెద్ద తయారీదారులకు సాధ్యమయ్యే పని. మనం ఈ కారును సొంత స్థలంలోనో, నిర్వాహకుల అనుమతితో ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాకులోనో నడపడానికే కట్టుకోవాలి.

మొదట చాసిస్ పూర్తి కావాలి. మారుతి ముందు భాగంలోని ఇంజిను, గేర్‌బాక్సు, ఇరుసులను ఒకే ముద్దగా సీట్ల వెనక్కు జరిపినప్పుడు, స్టీరింగ్‌కు కలిసే టై రాడ్లను ఇరువైపులా చాసిస్‌కే గట్టిగా బిగించాలి. లేకపోతే వెనుక చక్రాలు తమంతట తామే తిరుగుతాయి. చక్రాలు, సీట్లు, పెడల్స్, రేడియేటర్ తమ స్థానాల్లో కూర్చున్నాక, మీరే అందులో కూర్చొని మోకాలు, తల, మోచేయి ఎక్కడ తగులుతున్నాయో కొలిచి, ఆ తరువాతే బాడీ గీతలు గీయాలి. అందమైన బాడీ చేసి అందులోకి మనిషిని ఇరికించడం కంటే ఇది ఎంతో మేలు.

ఇక ప్యాటర్న్, అంటే అచ్చు తీయడానికి ముందు చేసే బాడీ ఆకారపు దిమ్మ. ఈ కారుకు పట్టే సమయంలో పెద్ద వాటా దీనిదే, పట్టాలి కూడా. ప్లైవుడ్‌తో అడ్డకోత ముక్కలు చేసి 150 మి.మీ. దూరంలో చాసిస్‌పై వరుసగా నిలబెట్టి, మధ్యలో పాలియురెథేన్ ఫోమ్ నింపి, రంపంతోనూ ఎమరీ కాగితంతోనూ చెక్కాలి. దానిపై ఒక పొర ఫైబర్‌గ్లాస్ వేసి, పుట్టీ పట్టించి, ప్రైమర్ కొట్టి, 1200 నంబరు వాటర్ పేపర్ వరకు రుద్దాలి. ఎడమవైపు తీసిన అట్టకోతను తిరగేసి కుడివైపు పెట్టి చూడాలి. చీకటి పడ్డాక మిగతా దీపాలన్నీ ఆపి, ఒక ట్యూబ్‌లైటును చేత్తో పట్టుకొని ఫెండర్ వెంట మెల్లగా నడిస్తే, తడిపిన ప్రైమర్‌పై ఆ వెలుగు గీత సాఫీగా జారాలి. ఎక్కడైనా వంకరపోయిందంటే అక్కడ గుంటో మిట్టో ఉన్నట్టే. పగటి వెలుతురులో చేతికి కూడా దొరకని లోపం ఆ గీత దగ్గర దాగదు, అచ్చులోకి వెళ్లిన లోపమేమో ప్రతి ప్యానెల్‌లోనూ మళ్లీ పుడుతుంది.

ఈ కారు పక్కలు గుండ్రంగా లోపలికి తిరుగుతాయి కాబట్టి అచ్చును ముక్కు, తోక, పక్కలుగా విడదీసి, అంచులను బోల్టులతో కలపాలి. ప్యాటర్న్‌కు కనీసం ఆరు పూతలు మైనం, ఆపైన అచ్చు అంటుకోకుండా ఆపే పీవీఏ ద్రవం పట్టించాలి. అచ్చు మందం ప్యానెల్ మందానికి రెండు మూడు రెట్లు ఉండాలి. ప్యాటర్న్ నుంచి విడదీయకముందే వెనుక ఉక్కు చట్రం అతికించాలి, లేకపోతే అది మెలి తిరుగుతుంది.

ప్యానెల్‌కు సుమారు అర మిల్లీమీటరు జెల్‌కోట్ (పైకి కనిపించే నునుపైన పూత), తరువాత చదరపు మీటరుకు 300 గ్రాముల గాజు నార మ్యాట్ ఒకటి, 450 గ్రాముల మ్యాట్లు రెండు వేస్తే దాదాపు 3 మి.మీ. మందం వస్తుంది. మ్యాట్‌ను తడిపి గట్టిపడే రెజిన్ బరువు మ్యాట్ బరువుకు రెండు నుంచి రెండున్నర రెట్లు చాలు. పళ్ల రోలర్‌తో గాలి బుడగలన్నీ బయటకు తోలాలి. చెన్నై ఎండలో రెజిన్‌ను గట్టిపరిచే క్యాటలిస్ట్ ఒక శాతం దగ్గరే ఉంచి, అర కిలో చొప్పున కలుపుకోవాలి. ఆ గట్టిపడటాన్ని వేగపరిచే కోబాల్ట్‌ను ముందే రెజిన్‌లో బాగా కలిపి, ఆ తరువాతే క్యాటలిస్ట్ వేయాలి. ఆ రెండింటినీ నేరుగా కలిపితే పేలుతుంది. రెజిన్ నుంచి లేచే స్టైరీన్ ఆవిరికి దుమ్ము మాస్క్ పనికిరాదు, ఆవిరిని పట్టే కార్ట్రిడ్జి ఉన్న మాస్కే కావాలి.

ఒక నవంబరులో, వాన పడుతుండగా, అంబత్తూరు షెడ్డులో తొందరపడి మ్యాట్ వేశాను. హెడ్‌లైట్ అంచు దగ్గర జెల్‌కోట్ పలుచగా, పచ్చిగా ఉండటం వల్ల, పైన పడ్డ రెజిన్ దాన్ని కొరికి, ఏనుగు చర్మంలా ముడతలు పెట్టింది. నెల్లూరు నుంచి వచ్చి అక్కడ స్థిరపడిన మేస్త్రి చూసి, "సార్, వేలికి అతుక్కోవాలి గానీ వేలితో పాటు రాకూడదు" అన్నాడు. జెల్‌కోట్‌ను వేలితో తాకి చూసే ఆ పరీక్ష ఇప్పటికీ తప్పను. ఆ ముక్కు మొత్తం పారేసి ఫిబ్రవరిలో మళ్లీ వేశాను.

అచ్చు నుంచి తీసిన బాడీని చాసిస్‌కు రబ్బరు బుష్‌లతో, వెడల్పాటి వాషర్లతో బిగించాలి. సీటు బెల్టులు మాత్రం బాడీకి కాక చాసిస్‌కే వెల్డ్ చేసిన బలమైన ప్లేట్లకు బిగించాలి. ఫైబర్‌గ్లాస్ కరెంటును పారనివ్వదు కాబట్టి ప్రతి దీపానికీ విడిగా ఎర్త్ తీగ లాగాలి. సైలెన్సర్ పక్కన వేడిని తిప్పికొట్టే రేకు పెట్టాలి. రంగుకు ముందు కొన్ని వారాలు ఆరనిచ్చి, ఒక నాణెంతో బాడీ అంతటా తట్టుతూ పోవాలి. గట్టిగా టక్ మన్న చోట పొరలు కలిసి ఉన్నాయి; బోలుగా మోగిన చోటును గ్రైండర్‌తో తెరిచి, మళ్లీ మ్యాట్ వేసి, ఆరాకనే ప్రైమర్ కొట్టాలి. రంగును ఓవెన్‌లో ఆరబెట్టేటట్లయితే వేడి 60 డిగ్రీలు దాటనివ్వకూడదు.