పాత పీసు తెచ్చినవా అన్నా?

రాణిగంజ్‌లో మోటార్ల స్పేర్ పార్టుల కొట్టులో కౌంటరు దగ్గర నిలబడబట్టి 22 ఏళ్ళు. పొద్దున షట్టర్ లేపిన దగ్గర్నుంచి వినేది ఒకటే మాట. "అన్నా, బోరు మోటారు వాషర్ ఇయ్యవా?" ఏ మోటారు? తెల్వదు. ఎన్ని హెచ్‌పీ? తెల్వదు. "గదే అన్నా, గుండ్రంగ ఉంటది." వాషర్ గుండ్రంగా కాక మూలలతో ఉంటుందా! చివరికి నేను అడిగేదీ ఒకటే: "పాత పీసు తెచ్చినవా?" తెచ్చినవాడు ఐదు నిమిషాల్లో సరుకు తీసుకుని వెళ్ళిపోతాడు. తేనివాడు ఉప్పల్ నుంచో అల్వాల్ నుంచో ఇంకోసారి బస్సెక్కాలి.

ఇంత అనుభవం ఉన్నవాణ్ణి, ఫోన్‌లో ముక్కూమొహం తెలియనివాళ్ళను సాయం అడగాల్సి వచ్చినప్పుడు మాత్రం అచ్చం ఆ వాషర్ మనిషిలాగే అడిగాను.

పోయిన ఎండాకాలం మల్కాజ్‌గిరిలో మా ఇంట్లో ఫ్రిజ్ మొరాయించింది. ఇంటి సామాన్ల రిపేర్ల గ్రూపు ఒకటి ఉంటే అందులో రాశాను: "ఫ్రిజ్ చల్లబడట్లేదు. ఎవరైనా చెప్పండి ప్లీజ్. అర్జెంట్." గంటలో 14 జవాబులు. గ్యాస్ పోయిందని ఐదుగురు, కంప్రెసర్ పోయిందని ముగ్గురు. ఇంకా వాడుతున్నారా, ఈఎంఐలో కొత్తది తీసుకో బ్రో అని ఒకరు. ఒకాయన రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు, ఎందుకో ఇప్పటికీ అర్థం కాలేదు. గుంటూరాయన ఒక్కడే తిరిగి ప్రశ్న వేశాడు: "పైన ఐస్ కడుతోందా?"

ఆ ప్రశ్న చూశాక సిగ్గేసింది. నేను పీసు తేకుండా కౌంటరుకు పోయాను. రాత్రి అన్నం తిన్నాక కూర్చుని మళ్ళీ రాశాను. రాసింది రాసినట్టు ఇది:

"ఫ్రాస్ట్ ఫ్రీ, రెండు తలుపుల ఫ్రిజ్, 260 లీటర్లు, కొని 7 ఏళ్ళు. 4 రోజులుగా కింది అర చల్లబడట్లేదు, పెరుగు సాయంత్రానికే పులుస్తోంది. పైన ఫ్రీజర్‌లో మాత్రం ఐస్ కడుతోంది. కంప్రెసర్ తిరుగుతోంది. లోపలి ఫ్యాన్ చప్పుడు వినపడట్లేదు. ఫ్రీజర్ వెనక పలక మీద ఐస్ పేరుకుంది. నిన్న దాన్ని స్క్రూడ్రైవర్‌తో గీకాను. మెకానిక్ వచ్చి చూసి గ్యాస్ అన్నాడు, 2,800 అడిగాడు. గ్యాస్ నింపించే ముందు ఇంకేమైనా చూసుకోవాలా? మాది హైదరాబాద్."

ఇందులో నా తెలివేమీ లేదు. కౌంటరు దగ్గర నేను రోజూ అడిగే ప్రశ్నలనే నాకు వేసుకుని జవాబు రాశాను. వస్తువేంటి, ఎంత పాతది, ఎప్పట్నుంచి, ఏది పని చేస్తోంది, ఏది చేయట్లేదు, ఇప్పటిదాకా ఎవరెవరు చేతులు పెట్టారు. "ఏది పని చేస్తోంది" అన్నది జనం రాయరు. బాగున్నదాని గురించి రాయడమెందుకు అనుకుంటారు. నా విషయంలో తాళం ఊడింది అక్కడే. పైన ఐస్ కడుతోంది అన్న ఒక్క ముక్కతో సగం జవాబులు ఎగిరిపోయాయి.

ఇంకోటి స్క్రూడ్రైవర్ సంగతి. అది రాయాలా వద్దా అని పది నిమిషాలు ఆలోచించాను. మా కొట్టుకొచ్చేవాళ్ళు కూడా ఇంట్లోనే మోటారు విప్పి, మళ్ళీ బిగించలేక తీసుకొచ్చి, "ఏం చెయ్యలే అన్నా, దానంతటదే ఆగింది" అంటారు. స్క్రూ తలలు చూస్తే నాకు తెలిసిపోతుంది. ఫోన్ అవతల ఉన్నవాళ్ళకు స్క్రూలు కనపడవు కాబట్టి మీరే చెప్పుకోవాలి. తిడితే తిట్టనివ్వండి. గుంటూరాయన ముందు తిట్టే మొదలుపెట్టాడు: "ఆ పలక వెనక గ్యాస్ గొట్టాలుంటాయి బాబూ, చిల్లు పడితే అప్పుడు నిజంగానే గ్యాస్ పోతుంది!"

తిట్టాక అసలు సంగతి విడమరిచి చెప్పాడు. ఫ్రాస్ట్ ఫ్రీలో చల్లదనం పుట్టేది పై అర వెనకాల. అక్కణ్ణుంచి ఫ్యాన్ చల్లగాలిని కిందికి తోస్తుంది. అక్కడ పట్టే మంచును ఎప్పటికప్పుడు కరిగించడానికి ఒక హీటర్, చల్లదనాన్ని బట్టి దాన్ని కలిపి ఆపే బైమెటల్ అనే చిన్న స్విచ్, కొన్నింటిలో టైమర్ ఉంటాయి. వాటిలో ఒకటి పోతే మంచు గడ్డకట్టి గాలి దారి మూసుకుపోతుంది. పైన ఐస్ ఉంటుంది, కింద పెరుగు పులుస్తుంది. "ప్లగ్ పీకి, తలుపులు రెండూ తెరిచి, కింద పాత బట్టలు పరిచి ఒక రోజంతా వదిలెయ్యి. తర్వాత బాగా పని చేసి, కొన్నాళ్ళకు మళ్ళీ ఇదే వస్తే గ్యాస్ కాదు" అన్నాడు. సరిగ్గా తొమ్మిదో రోజు మళ్ళీ వచ్చింది. వేరే మెకానిక్‌ను పిలిచి బైమెటల్ మార్పించాను. కూలితో కలిపి 900.

ఆ ప్రశ్న చివర్లో "ఏం చేయాలి?" అని రాయలేదు చూడండి. ఏం చేయాలి అంటే జనం కొత్తది కొనమంటారు. "గ్యాస్ నింపించే ముందు ఏం చూసుకోవాలి" అంటే చెప్పేవాడికి పని చిన్నదవుతుంది, బస్‌స్టాప్‌లో నిలబడి కూడా రెండు ముక్కలు టైప్ చేస్తాడు. ఊరికే వచ్చి చెప్పేవాడి దగ్గర ఉండేది ఆ రెండు నిమిషాలే. "అర్జెంట్" అని రాయడం మానేశాను. అది మనకు అర్జెంట్, వాళ్ళకు కాదు.

ఊరి పేరు తప్పకుండా రాయండి. తెలుగు గ్రూపుల్లో ఇది పెద్ద తిరకాసు. మా అమ్మాయికి ఇన్‌కమ్ సర్టిఫికెట్ కావాల్సి వచ్చి అడిగితే, పాపం ఒకావిడ ఓపిగ్గా సచివాలయానికి వెళ్ళండి, వాలంటీర్‌ను అడగండి అని పేరా రాసింది. ఆవిడది విజయవాడ. అక్కడ సచివాలయం అంటే వార్డు ఆఫీసు, అప్పట్లో వాలంటీర్లూ ఉండేవాళ్ళు. ఇక్కడ సచివాలయం అంటే ముఖ్యమంత్రి కూర్చునే చోటు! మనకు మీసేవ. భాష ఒకటే అయినా ఆఫీసులు వేరు, కరెంటు కంపెనీలు వేరు, ఫారాలు వేరు. నీళ్ళ సంగతైతే ఊరు రాసినా చాలదు. గీజర్‌లో తెల్లగా పేరుకుంటోంది అని అడిగేవాళ్ళు మంజీరా నీళ్ళా, బోరు నీళ్ళా అన్నది రాయాలి. (మంజీరా అనేది అలవాటు మాటే. నల్లాలో ఇప్పుడు కృష్ణా, గోదావరి నీళ్ళు కూడా వస్తున్నాయి. అయినా ఇక్కడ నల్లా నీళ్ళంటే మంజీరాయే.) ఆ తెల్లటిది బోరు నీళ్ళలోని సున్నం. రెండూ కలిపి వాడే అపార్ట్‌మెంట్ అయితే అదీ చెప్పాలి.

ఏది ఎక్కడ అడగాలి అన్నదానికి నాకో లెక్కుంది. ఇవాళ నీళ్ళు ఎప్పుడొస్తాయి, ప్లంబర్ ఎవరు బాగా చేస్తాడు లాంటివి అపార్ట్‌మెంట్ వాట్సాప్‌లో. ఏ ఆఫీసుకు పోవాలి, ఏ కాగితం కావాలి అన్నవి ఊరి గ్రూపులో. వస్తువు ఎందుకు పాడైంది అన్నది ఆ పని చేసేవాళ్ళుండే గ్రూపులో. ఒకే ప్రశ్న పది చోట్ల పడేస్తే పది చోట్లా అరకొర జవాబులే వస్తాయి, పైగా ఎవరికేం చెప్పామో మనకే గుర్తుండదు. రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిది మధ్య పెడితే బాగా పలుకుతుంది. మధ్యాహ్నం పెట్టింది సాయంత్రానికి గుడ్ మార్నింగ్ బొమ్మల కింద పూడిపోతుంది. సాయంత్రం గుడ్ మార్నింగ్ ఎవరు పెడతారో అడక్కండి, పెడతారు.

నోటితో చెప్పి టైప్ చేయించుకుంటే పెట్టే ముందు ఒకసారి చదవండి. నేను "మోటారు కాలింది" అంటే ఫోన్ "మీటరు కాలింది" అని రాసింది. ముగ్గురు 1912కి ఫోన్ చేయమన్నారు. కరెంటువాళ్ళ నంబరు అది. తప్పు నాదే.

ఫోటో అంటే పాత పీసే. మోటారైతే దాని ఒంటి మీద నేమ్ ప్లేట్ ఉంటుంది: హెచ్‌పీ, వోల్టులు, ఆంపియర్లు అన్నీ అందులోనే. గుడ్డతో తుడిచి, ఫ్లాష్ ఆపి, కొంచెం పక్క నుంచి తీయండి, లేకపోతే రేకు మెరిసి అక్షరాలు కనపడవు. స్టార్టర్ డబ్బాలో కెపాసిటర్ మీద ఎంఎఫ్‌డీ అని అంకె ఉంటుంది, అదీ కావాలి. కాకపోతే మెయిన్ ఆపినా కెపాసిటర్‌లో కరెంటు నిలవుంటుంది, ఫోటో కోసం దాన్ని చేత్తో తిప్పబోకండి. చిన్న సామానైతే పక్కన రూపాయి బిళ్ళ పెట్టండి, సైజు తెలుస్తుంది. చప్పుడు తేడా అయితే పది సెకన్ల వీడియో చాలు, పక్కన టీవీ కట్టేసి.

కాగితాల ఫోటోలు మాత్రం అంత ధారాళంగా పెట్టకూడదు. కరెంటు బిల్లు మీద యూఎస్‌సీ నంబరు, నీళ్ళ బిల్లు మీద క్యాన్ నంబరు ఉంటాయి (మన కనెక్షన్ నంబర్లు అవి), పేరూ అడ్రసూ సరేసరి. బిల్లు ఎందుకు ఎక్కువొచ్చిందో అడగాలంటే యూనిట్లూ తేదీలూ ఉన్న భాగం చాలు. మిగతాది కత్తిరించేయండి. గీత గీసి దాచడం కన్నా కత్తిరించడమే నయం, గీత పల్చగా పడితే వెనక అక్షరం కనపడుతుంది. పీఎఫ్ గురించి అడిగితే యూఏఎన్ నంబరు రాయక్కర్లేదు. "ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, పీఎఫ్‌లో ఒక్క అక్షరమే ఉంది" అంటే సమస్య తెలిసిపోతుంది.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే మా బామ్మర్ది దెబ్బ తిన్నాడు. పార్సిల్ రాలేదని ఒక కంపెనీ పేజీ కింద నలుగురూ చూసేలా ఆర్డర్ నంబరు, ఫోన్ నంబరు రాశాడు. పది నిమిషాల్లో ఫోన్. కస్టమర్ కేర్ అట, మంచి తెలుగు, సార్ సార్ అంటూ. డబ్బు వాపసు వేస్తాం, ఈ చిన్న యాప్ వేసుకోండి అన్నాడు. అది స్క్రీన్ అవతలివాడికి చూపించే యాప్. తర్వాత పిన్ కొట్టమన్నాడు, వీడు కొట్టాడు. 18,400 పోయాయి. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పోవడానికే పిన్. ఈ సంగతి వాడికీ తెలుసు. అవతలివాడి మర్యాదకు కరిగిపోయాడు. అంతకన్నా పెద్ద తప్పు, సిగ్గుపడి రెండు గంటలు ఎవరికీ చెప్పలేదు. సైబర్ మోసాల నంబరు 1930కి వెంటనే చేసుంటే ఇంకొంచెం ఆగేది. కొంత సొమ్ము ఎక్కడో బ్యాంకులో ఆగింది, మిగతాది ఇప్పటికీ రాలేదు. మీరు అడిగింది అందరి ముందు. జవాబు కూడా అందరి ముందే రానివ్వండి. "ఇన్‌బాక్స్‌లోకి రండి, నంబర్ ఇవ్వండి" అన్నవాణ్ణి నేను అక్కడే ఆపేస్తాను. పదిమందిలో తప్పు చెప్తే పదకొండోవాడు దిద్దుతాడు, ఇన్‌బాక్స్‌లో దిద్దేవాడు లేడు.

జవాబుల్లో దేన్ని నమ్మాలి అంటే, నా కొలత కౌంటరుదే. అడగ్గానే తేల్చి చెప్పేవాడి కన్నా, ముందు నాలుగు ప్రశ్నలు వేసేవాడికి పని తెలుసు. "ఇలా చేసి చూడు, ఇలా అయితే ఇది, అలా అయితే అది" అన్నవాడు మంచివాడు. "నేను చెప్తున్నా కదా" అన్నవాణ్ణి పక్కన పెట్టండి. ముందు పైసా ఖర్చు లేని పని చెప్పినవాడి మాట వినండి. తలుపులు తెరిచి ఒక రోజు వదిలేయడానికి నాకేం ఖర్చు? పెరుగు పక్కింట్లో పెట్టుకున్నాం, అంతే.

అడగకూడనివీ ఉన్నాయి. గ్యాస్ సిలిండర్ వాసన వస్తుంటే టైప్ చేస్తూ కూర్చోకూడదు. రెగ్యులేటర్ కట్టేసి, స్విచ్‌లు ముట్టకుండా, కిటికీలు తెరిచి, బయటికొచ్చి 1906కి చేయాలి. ఛాతీలో నొప్పి అంటే 108. పసిపిల్లల మందు డోసు గ్రూపులో అడిగినవాళ్ళను చూశాను, భయమేసింది. నల్లా నీళ్ళు రంగు మారితే 155313, హైదరాబాద్ వాటర్ బోర్డు వాళ్ళది. ఫిర్యాదు నంబరు చేతికొచ్చాక గ్రూపులో అడగండి, "మీ వీధిలో కూడా ఇంతేనా" అని. అప్పుడది పనికొచ్చే ప్రశ్న.

పని అయ్యాక తిరిగొచ్చి ఏమైందో రాయండి. థాంక్స్ ఒక్కటీ చాలదు, ఏ సామాను మార్చారు, ఎంతయింది, బాగైందా లేదా. చెప్పినవాడి మాట తప్పైతే అదీ రాయండి, మర్యాదగా. నేను ఫ్రిజ్ సంగతి పూర్తిగా రాస్తే గుంటూరాయన ఒక బొటనవేలు పెట్టి ఊరుకున్నాడు. అంతే ఆయన స్వభావం.

మొన్న సంక్రాంతి ముందు, ఆ పాత పోస్టు కింద వరంగల్ నుంచి ఒక అమ్మాయి రాసింది: "అంకుల్, మాకూ సేమ్ ప్రాబ్లం. ఆ బైమెటల్ ఎక్కడ దొరుకుతుంది? నాక్కూడా అదే తీసుకోవచ్చా?"

పాతది విప్పించి, మీద రాసిన అంకెలు కనపడేలా ఫోటో పెట్టమ్మా, పక్కన రూపాయి బిళ్ళతో అన్నాను.