పెరట్లో రాస్ప్‌బెర్రీ ఎదగట్లేదా? ముందు వేరు చూడండి

అమెరికాలో పెరడున్న తెలుగువాళ్లలో టమాటా, వంకాయల పక్కనే నాలుగు రాస్ప్‌బెర్రీ మొక్కలు వేసుకునేవాళ్లున్నారు. మొక్క గిడసబారిందంటే ముందు ఎరువు సంచి విప్పుతారు. కాస్త ఆగండి. రాస్ప్‌బెర్రీకి తిండి తక్కువైన దానికంటే వేళ్ల దగ్గర నీరు నిలవడంతోనే ముప్పెక్కువ.

1. ఎండింది ఏ కొమ్మ? వేరు ఏళ్ల తరబడి బతుకుతుంది గానీ కొమ్మ ఆయుష్షు రెండేళ్లే. వేసవిలో కాసే రకాల్లో మొదటి ఏడు ఎదిగి, రెండో ఏడు కాసి, ఎండిపోతుంది. అది తెగులు కాదు. కాపు అయిన కొమ్మను నేలమట్టానికి కోసేయండి. కొత్త పిలకల్లో బలమైనవి అడుగుకు మూడు నాలుగు ఉంచి మిగతావి తీసేయండి.

2. వేరు గీకండి. మొక్క మొదట్లో మట్టి తప్పించి, లావుపాటి వేరు పైతొక్కను గోటితో గీకి చూడండి. లోపల తెల్లగా ఉంటే భయం లేదు. ఇటుకరంగు కనబడి, తెలుపుకూ దానికీ మధ్య గీత గీసినట్టుంటే ఫైటోఫ్తోరా (తడి నేలలో పెరిగే బూజులాంటి సూక్ష్మజీవి) తెచ్చే వేరుకుళ్లు అని అనుమానించాలి. అలాంటి మొక్క మీద ఆశ వదులుకుని పీకేయడమే మేలు. కంపోస్టులో మాత్రం వేయొద్దు.

తర్వాత నేలను పరీక్షించండి. అడుగు లోతు గుంట తీసి నీళ్లు పోయండి. అవి ఇంకాక మళ్లీ నింపి కొలవండి. గంటకు అంగుళమైనా దిగకపోతే అక్కడ నేరుగా నేలలో నాటొద్దు. అడుగు ఎత్తు మడి కట్టి, వైరస్ లేదని ధ్రువీకరించిన కొత్త మొక్కలు తెచ్చి నాటండి. తెలిసినవాళ్లు ఇచ్చే పిలకలు ఉచితమే, వాటితోపాటు తెగులూ ఉచితంగా రావచ్చు.

3. అంతకుముందు అక్కడేం వేశారు? టమాటా, వంకాయ, మిరప, బంగాళాదుంప పండిన మడిలో వెర్టిసిలియం అనే శిలీంధ్రం తెచ్చే వడలు తెగులు దాగి ఉండొచ్చు. కింది ఆకులు ముందు పసుపెక్కి రాలుతుంటే దాన్నే అనుమానించండి. దీనికి మందు లేదు, చోటు మార్చాల్సిందే. మన పెరళ్లలో ఆ నాలుగూ లేని మడి వెతకడమే కష్టం!

4. లేత ఆకు పసుపై, ఈనెలు ఆకుపచ్చగా ఉంటే ఇనుము అందట్లేదు. నేల పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 5.6 నుంచి 6.5 మధ్య ఉండాలి. ఎక్కువుంటే గంధకం వేయాలి; ఎంతన్నది నేల పరీక్ష ఫలితాన్ని బట్టి. ముదురాకు పసుపైతే నత్రజని తక్కువ.

5. చివురు వాలిందా? దాని కింద అర అంగుళం ఎడంతో రెండు ఉంగరాల్లాంటి గాట్లుంటే కాండం తొలిచే పురుగు. కింది గాటుకు రెండు మూడంగుళాల దిగువన కోసి కాల్చేయండి.

వేరు బాగుంటేనే ఎరువు. వసంతం మొదట్లో పదడుగుల వరసకు 200 గ్రాముల 10-10-10 (నత్రజని, భాస్వరం, పొటాష్ తలా పది శాతం ఉన్న ఎరువు) చాలు. జులై దాటాక వేస్తే లేత కొమ్మలు ముదరక చలికి మాడిపోతాయి. నీళ్లు వారానికి అంగుళం, అంగుళంన్నర.

టెక్సాస్ లాంటి వేడి చోట్ల మాత్రం ఎంత చేసినా ఎక్కువ రకాలు నిలవవు. అక్కడ వేడిని తట్టుకునే డోర్మన్‌రెడ్ అనే రాస్ప్‌బెర్రీ రకం ప్రయత్నించండి.