ఐసీయూలో పాప, నాన్న గుండెమీద

మా పాప నెలలు నిండకుండా పుట్టి ఐసీయూలో ఉన్నప్పుడు, మందుల దుకాణానికీ బిల్లుల కౌంటరుకీ తిరగడమే నా పనైంది. సిజేరియన్ అయిన నా భార్య ఇంకా లేవలేదు. పాపను తాకాలంటేనే భయం. కంగారూ సంరక్షణ, అంటే బిడ్డను ఒంటికి ఒళ్లు తగిలేలా గుండెకు హత్తుకుని ఉంచడం, తండ్రి కూడా ఇవ్వవచ్చా అని నర్సును అడిగాక దారి దొరికింది.

ఉంగరం, గడియారం తీసి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, చొక్కా గుండీలు విప్పి కూర్చున్నాను. టోపీ, మేజోళ్లు, డైపరుతో ఉన్న పాపను నిటారుగా నా ఛాతీకి ఆనించి, ఊపిరికి అడ్డం రాకుండా తల పక్కకు తిప్పి, చుట్టూ గుడ్డ కట్టారు. ఎంత వెచ్చగా నిద్రపోయిందో!

1978లో కొలంబియా రాజధాని బొగోటాలో మొదలైన ఈ పద్ధతిని రోజుకు 8 నుంచి 24 గంటలు పాటించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తల్లి కోలుకునేదాకా ఆ గంటలు నాన్నవి కావచ్చు. ఎవరో చెబుతారని ఆగకుండా డాక్టరును మీరే అడగండి.