మాటల్లో అమ్మవార్లు: ఏ పేరు ఎప్పుడు వాడాలి

ఏ దేవత పేరు ఏ సందర్భంలో అంటారో తెలియకపోతే మెచ్చుకోలు కూడా తిట్టులా వినిపిస్తుంది, అందుకే ఇది రాస్తున్నాను. ఆడపిల్ల పుడితే "మీ ఇంటికి మహాలక్ష్మి వచ్చింది" అనండి. ఆకలితో వెళ్తే కడుపునిండా పెట్టిన ఆవిడ అన్నపూర్ణ, ఎన్ని కష్టాలొచ్చినా తట్టుకునే మనిషిది భూదేవంత ఓర్పు. "భద్రకాళిలా మీద పడింది" మాత్రం కోపం గురించే, పొగడ్తకు వాడకండి.

"అమ్మవారు పోసింది" దగ్గర జాగ్రత్త. ఇప్పుడు ఆ మాటకు ఆటలమ్మ, అంటే చికెన్‌పాక్స్ అని అర్థం. ఒకప్పుడు మశూచిని కూడా అలాగే అనేవారు, అది ప్రపంచం నుంచి పోయిందని 1980లో ప్రకటించారు. భయం, భక్తి కలిసి పుట్టిన మాట అది, పెద్దవాళ్లు అంటే ఎగతాళి చేయొద్దు, వేపాకు పరిచినా సరే డాక్టర్‌కు మాత్రం తప్పకుండా చూపించండి.

దేవతల పేర్లు మాటల్లో కలిసిపోవడం మన ఒక్కరి అలవాటే కాదు. ప్రాచీన రోమ్‌లో జూనో మొనేటా అనే దేవత గుడి దగ్గర నాణేలు ముద్రించేవారు, 'మనీ' అన్న మాట ఆ మొనేటా నుంచే వచ్చింది. కాలికి తగిలిన నోటును లక్ష్మీదేవి అని ఎందుకు కళ్లకద్దుకుంటామని పిల్లలు అడిగితే ఈ సంగతి కూడా కలిపి చెప్పండి.