సామెతల చదువు – నాలుగో పాఠం: చెప్పకుండా వదిలేసిన మాట

పోయిన పాఠంలో మీకిచ్చిన సామెత ‘ఊరు పొమ్మంటోంది, కాడు రమ్మంటోంది’. ముసలాయన తన గురించి తానే అనుకుంటే అందులో ఓపిక ఉంది, కొంచెం నవ్వు కూడా ఉంది. కోడలు వాకిట్లో నిలబడి పక్కింటామెతో అంటే మాత్రం కడుపు మండే మాట. నోరు మారితే అర్థం మారిందని రాసినవాళ్ళకు మూడో పాఠం వచ్చినట్టే.

ఈసారి పని ఇంకాస్త కష్టం. సామెత ఏం చెప్పకుండా వదిలేసిందో పట్టుకోవాలి. దీనికి మన సీమలో ‘ఉత్తర చూసి ఎత్తర గంప’ను మించింది నాకు కనిపించలేదు.

ముందు మాటలు విడదీయండి. ఉత్తర అంటే ఇక్కడ దిక్కు కాదు, కార్తె. సెప్టెంబరు 13 ప్రాంతంలో మొదలై సుమారు రెండు వారాలుంటుంది. ఎత్తర అంటే ఎత్తరా అనే. గంప తెలిసిందే.

ఇప్పుడు ఖాళీలు వెతకండి. ఉత్తరలో ఏం చూడాలి, వాన పడిందనా, పడలేదనా? గంపలో ఏముంది? సామెత ఈ రెండూ చెప్పలేదు. వినేవాడి నేలను బట్టి ఆ ఖాళీలు నిండుతాయి.

కళ్యాణదుర్గం వైపు ఎర్రనేల రైతును తీసుకోండి. అనంతపురం జిల్లాలో ఏడాదికి పడేదే సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. జూన్, జూలైలో వేసిన వేరుశనగకు సెప్టెంబరులో కాయ ఊరాలి. అప్పుడూ చినుకు లేకపోతే చేను మీద ఆశ వదులుకున్నట్టే. ఆయన చెవికి ఇది వలస మాట. గంపలో ఉన్నవి చట్టీకుండలు, నాలుగు బట్టలు. ఆదోని, కోసిగి వైపు దీన్నే ‘సుగ్గికి పోవడం’ అంటారు. మిరప కోతలకు, పత్తి తీతలకు కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు వైపు తరలిపోతాయి. 1876-78లో ధాత కరువు చూసిన నేల ఇది, ముందు ఈ అర్థమే తట్టడంలో వింతేముంది?

అదే సామెతను జమ్మలమడుగు, కోవెలకుంట్ల నల్లరేగడికి తీసుకుపోండి. అక్కడ అసలు సేద్యం వానాకాలం చివర్లోనే. నేల పదునైతే జొన్న, ఆ తర్వాత శనగ. ఆ రైతు చెవికి గంపలో విత్తనాలున్నాయి, ‘చూసి’ అంటే వాన చూసి. ఎర్రనేలవాడు ఊరు విడిచే మాటతోనే నల్లనేలవాడు చేలోకి దిగుతున్నాడు. వీటిలో సరైనదేదని అడగొద్దు. వలస అర్థం ఎక్కువ వినిపిస్తుంది, అంతమాత్రాన రెండోది తప్పయిపోదు.

ఇక సేద్యం పక్కన పెట్టండి. ఏళ్ళ తరబడి గ్రూప్స్ రాస్తున్న కొడుకుతో తండ్రి అంటున్నాడు: “ఈసారి రిజల్ట్ వచ్చేదాకా చూడప్పా. ఉత్తర చూసి ఎత్తర గంప.” వాన పోయింది, గంప పోయింది, గడువు ఒక్కటే మిగిలింది. నాయన ఇంకొన్నాళ్ళు ఆగమంటున్నాడని కొడుకు ఊపిరి పీల్చుకోవచ్చు. ఇదే చివరిసారి అంటున్నాడని టెన్షన్ పడొచ్చు కూడా. తండ్రి ‘చూసి’ దగ్గర నొక్కాడా, ‘ఎత్తర’ దగ్గర నొక్కాడా అన్నదాన్ని బట్టి ఉంటుంది. రెండు రకాలుగా గట్టిగా పలికి చూడండి, కాగితం మీద ఈ తేడా దొరకదు.

ఖాళీ ఉంది కదా అని ఏది పడితే అది పోయకూడదు. గంప అంటే సంసార భారమనీ, ఉత్తర అంటే దేవుడిచ్చే జవాబనీ లోతులు తీసే పండితులు తగులుతారు. ఆ అర్థంతో ఈ మాట ఎవరైనా ఎవరితోనైనా అంటారా? రచ్చబండ మీద ఊహించుకుని చూడండి. అనరనిపిస్తే నిర్దాక్షిణ్యంగా కొట్టేయండి.

అభ్యాసానికి ‘ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు’. మంగలం అంటే పేలాలు వేయించే మట్టి పాత్ర. ఆ కోపం అసలు ఎవరి మీదిదో సామెత చెప్పలేదు. దాన్ని మూడు చోట్ల పూరించండి: ఇంట్లో, కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లి వేలం దగ్గర, ఏదైనా ఆఫీసులో. ప్రతి చోటా ఎవరు ఎవరితో అన్నారో ఒక్కో వాక్యం చాలు. దెబ్బ తిన్నవాడే ఈ మాట అంటే అది మొరా, వెటకారమా అన్నది కూడా రాయండి. వచ్చే పాఠంలో దీన్ని ‘అయ్య వచ్చేదాకా అమావాస్య ఆగుతుందా’ పక్కన పెట్టి చూద్దాం.